రెండో మలుపులో వెడల్పాటి స్టూలు

ఏవోయ్ బ్యాంకు గుమస్తా! రెండంతస్తులకే నాలుక బయటపెట్టావా? సిగ్గుపడకు, ఆ స్టూలు మీద కూలబడు. మూడో అంతస్తులో కొత్తగా దిగావు కదా, మెట్ల మలుపులో ఈ స్టూలు ఎందుకుందో నీకెవరూ చెప్పి ఉండరు. నీ ఆయాసం తగ్గేలోగా నేను చెబుతా.

మాది నాలుగో అంతస్తు. కింద వీధిలో నా కుట్టు కొట్టు. మా అక్క, బావ, మేనకోడలు, వాళ్ల నడుమ పెళ్లీపెటాకులు లేని నేను. ఒకప్పుడు మా అక్కకి నేనే గారాల తమ్ముణ్ణి. ఆ తర్వాత మా మేనకోడలు పిట్ట పుట్టింది, గుండెలో చిల్లుతో. రెండేళ్ల వయసులో ఛాతీ కోసి ఆ చిల్లు మూశారు. ఆరోజు నేనూ వెక్కి వెక్కి ఏడ్చాననుకో, అది వేరే సంగతి. కానీ దాని గుండెకి కుట్లు పడ్డ రోజే ఇంట్లో నా పలుకుబడికి కుట్లు ఊడిపోయాయి.

గుడ్డు దానికి, పెంకు నాకు. ఫ్యాను కింద చోటు దానికి, తలుపు మూల నాకు. అది తుమ్మితే ఇల్లంతా లేస్తుంది. నేను వారం రోజులు దగ్గినా, "ఆ మిషను చప్పుడేంట్రా" అంటుంది మా అక్క. పదిహేడేళ్లు కుళ్లుకున్నానయ్యా. కన్నబిడ్డలాంటి పిల్ల మీద ఏడుపేంటని నువ్వనుకుంటావు. అనుకో. కడుపుమంటకి వావి వరసలుంటాయా?

రోజూ మధ్యాహ్నం పిట్ట కాలేజీ నుంచి రాగానే కొట్టు మూసి, ఇద్దరం కలిసి భోజనానికి ఎక్కేవాళ్లం. సరిగ్గా ఇక్కడికి రాగానే అది గోడ పట్టుకునేది.

"ఆగు మామయ్యా. ఆయాసంగా ఉంది."

"ఏం గుండేనే నీది? అరిగిపోయిన కుట్టుమిషను బాబినులా ఉంది!"

"నవ్వు, నవ్వు. నువ్వు కూర్చో మామయ్యా, నాకు నిలబడితేనే ఊపిరాడుతుంది."

సరేలే, పిల్ల ముచ్చటపడుతోంది కదా అని కూర్చునేవాణ్ణి. ఈ స్టూలు మా అక్క వేయించిందే. చూశావుగా ఎంత వెడల్పో! ఈ పిట్టకి ఇంత సింహాసనమా అని అందుకూ మండేది నాకు.

మొన్నామధ్య కాలేజీలో కొండలెక్కే జట్టు కట్టారు. పిట్ట పేరిచ్చేసింది. మా అక్క మాత్రం, "డాక్టరు సంతకం పెడితేనే" అని భీష్మించుకు కూర్చుంది. సంతకం రాకపోతే కొండ లేదు. పిట్ట నెల రోజులుగా ఆ సంతకం కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. నిజం చెప్పనా? సంతకం రాకూడదనే కోరుకున్నా. గుడ్డూ దానికే, కొండా దానికేనా?

ఆసుపత్రికి తోడు వెళ్లింది నేనే. ముందు ఊదుడు పరీక్ష. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, "ఊదు, ఊదు, ఇంకా, ఇంకా" అని ఆ పరీక్ష చేసే అమ్మాయి ఒకటే అరుపు. నేను ఊరుకుంటానా? వెనకాల నిలబడి బుగ్గలు పూరించి, కళ్లు తేలేశా. పిట్ట ఫక్కున నవ్వింది. మిషను తెర మీద గీత కాస్తా వంకర్లు పోయింది.

"మామయ్యా! నా కాగితం గనక పోయిందో, నీ బట్టల కత్తెరతో ఇనప రేకులు కోస్తా!" అంది. కళ్లలో నీళ్లు.

పరీక్ష చేసే అమ్మాయి నావైపు తిరిగింది. "బయటికెళ్తారా బాబాయ్, మీరూ ఊదుతారా?"

"నేనా? నేనూదితే నీ మిషను గాల్లోకి లేచిపోతుంది చూసుకో."

ఊదా. మిషను లేవలేదు. నేనే కుర్చీలో జారిపోయా.

పిట్ట మళ్లీ ఊదింది. తర్వాత మొహానికి మాస్కు తగిలించి సైకిలెక్కించారు. చక్రం బరువు పెంచుతున్నకొద్దీ అది తొక్కుతూనే ఉంది. ఆగుతుందేమోనని నేను గోడ గడియారం వంకే చూస్తున్నా. ఆగదే!

డాక్టరమ్మ కాగితాలు చూసి చెప్పింది. "చిన్నప్పుడు ఛాతీ కోశారు కదా, ఊపిరితిత్తులు నిండా విచ్చుకోవు. వందకి డెబ్బై ఎనిమిది. కానీ సైకిలు మీద తొంభై వచ్చింది."

నాకర్థమైంది. చంకల్లో బిగుతైన జాకెట్టన్నమాట. తొడుక్కున్న మనిషి మాత్రం ఉక్కు.

"మరి మామయ్యగారి ఊదుడుకి యాభై తొమ్మిదే. ఈయన రేపే విడిగా వచ్చి చూపించుకోవాలి," అని డాక్టరమ్మ పిట్ట వైపు తిరిగింది. "రోజూ ఏం చేస్తావమ్మా?"

"నాలుగంతస్తులు ఎక్కుతానండి. పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఒకసారి."

"మధ్యలో ఆగుతావా?"

పిట్ట నావంక చూసి తల దించుకుంది. "పొద్దున ఆగనండి. మధ్యాహ్నం ఆగుతా, మామయ్య తోడుంటాడుగా."

డాక్టరమ్మ పెన్ను తీసి సంతకం పెట్టేసింది.

ఇంటికొచ్చి మా అక్క మీద ఎగిరిపడ్డా. "నీ కూతురు నాటకాలాడుతోందే! ఆయాసం లేదు, పాడూ లేదు. ఆ స్టూలు దండగ!"

మా అక్క చెయ్యి కడుక్కుంటూ తాపీగా అంది. "నలభై కిలోల పిల్లకి అంత వెడల్పు స్టూలెందుకురా? ఊళ్లోవాళ్ల నడుములన్నీ కొలుస్తావు, నీది ఎప్పుడైనా కొలుచుకున్నావా?"

పిట్ట ఇవాళ కొండమీదుంది. ఊపిరందిందా గుమస్తా? అయితే ఇక లే నాయనా. ఇంతసేపూ కథ చెప్పింది నీ ఆయాసం తగ్గాలని కాదు.