పప్పు బస్తాలో ఎలుక

ఆదివారం మధ్యాహ్నం ఖానాపురం హవేలిలో సాహిత్య వాళ్ళింట్లో భోజనాలు అయ్యాయి. ధన్‌సింగ్ లూడో డబ్బాలోంచి పాచిక తీసి చాప మీద పెట్టి, "ఇంక ఆడుదాం" అన్నాడు.

నలుగురూ ఒకప్పుడు ఖమ్మంలో కలిసి బీఈడీ చదివినవాళ్ళు. సాహిత్య ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ధన్‌సింగ్‌ది బ్యాంకు ఉద్యోగం. ఉదయ్ భాస్కర్ మాత్రం పట్టా అటక మీద పారేసి, ముదిగొండలో వాళ్ళ నాన్న నడిపే హోల్‌సేల్ కొట్టులో కూర్చున్నాడు. చుట్టుపక్కల హాస్టళ్ళకు పప్పు, నూనె, చింతపండు వేసేది వాళ్ళే. యశోద టేకులపల్లి అవతల, అడవి అంచు పల్లెలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్. ఆమె హాస్టల్‌కు సరుకు దిగేదీ ఉదయ్ ఆటోలోంచే. తెలిసినవాడు, పైగా స్నేహితుడు. బండి రాగానే పైన ఒక బస్తా విప్పి చూసి సంతకం పెట్టేసేది.

"ఆటంటె బోర్డు లేదు, పేకముక్కలు లేవు," అన్నాడు ధన్‌సింగ్. "ఒక పాచిక, నోరు ఉంటె చాలు. నేను కథ చెప్త. మీరు అందుల మనుషులు. ఏం చేస్తరో మీరే చెప్పాలె. పాచిక నాలుగు దాటితె అయినట్టు, లేకుంటె కానట్టు. ముందుగాల అనుకునేది ఏమీ లేదు, అంత అప్పటికప్పుడే."

"మనుషులం అంటివి. ఎవరం?" అంది సాహిత్య.

"మనుషులు కాదులే. ఎలుకలు. హాస్టల్ స్టోరు రూముల దూరాలె, కడుపు నిండ తినాలె, వార్డెన్‌కు దొరకకుండ బయటపడాలె."

అందరూ యశోద వైపు చూసి నవ్వారు.

"నేను ఎలుకనైతె ఉండను," అంది యశోద. "రోజూ చూసి చూసి రోతగున్నది."

"అయితె నువ్వు వార్డెన్‌వే ఉండు."

అలా మొదలైంది. సాహిత్య తన ఎలుకకు రాణి అని పేరు పెట్టుకుంది. దాని తోక పొడవట, నూనె డబ్బాలో ముంచి చీక్కుంటుందట. జడ ముందుకు వేసుకుని, చివర పల్లీ చట్నీలో ముంచినట్టు నటించి, చప్పరించింది. ధన్‌సింగ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉదయ్ ఎలుక పేరు సేఠ్. దాని బలం తెలివి. "బియ్యంలో మనం వేసి వచ్చేవి జీలకర్ర అనుకుని వండేస్తారు," అన్నాడు సేఠ్. మళ్ళీ నవ్వులు.

యశోద చేతిలోని మిరపకాయ బజ్జీ పళ్ళెంలో పెట్టేసింది. ఆ జీలకర్రను ఆమె గోటితో ఏరింది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఏరిన చేతిని సబ్బుతో మూడుసార్లు కడిగినా అన్నం తినేటప్పుడు ముక్కుకు తగిలేది ఆ వాసన. వీళ్ళు దాన్ని నవ్వులాటకు వాడుకుంటున్నారు. అయినా పైకి నవ్వింది. ఏడాదికి ఒకసారి కలుస్తారు, మొహం మాడ్చుకుంటే బాగుండదు.

"తలుపు కింద సందు మూసేసిన్రు," అన్నాడు ధన్‌సింగ్. "గోడకు బొక్క లేదు. ఇప్పుడెట్ల పోతరు లోపలికి?"

సాహిత్య కప్పు ఎక్కుతానంది. పాచిక వేస్తే ఒకటి పడింది. రాణి పెంకు జారి కింద పడింది.

ఉదయ్ బాసింపట్టు వేసుకుని ముందుకు వంగాడు. ఆటలో బాగా మునిగిపోయాడు. "తలుపుతో మనకేం పని? సరుకుతో పాటే లోపలికి పోతాం. కందిపప్పు బస్తాలో కూర్చుని."

"వార్డెన్ చూస్తది గద," అన్నాడు ధన్‌సింగ్.

"చూడనీ. ఎట్లా చూస్తారో మనకు తెలీదా? మూతి విప్పిన వైపు చెయ్యి పెడతారు. మోచేతి దాకా పోతుంది, అంతే. మోచేతి కిందిదంతా మన రాజ్యం. అడుగున పోయినేడాది పప్పు పోస్తాం. పురుగు పట్టిందే అనుకో, జల్లెడ పట్టి, కాస్త నూనె రాసి ఆరబెడితే పెళ్ళికూతురు బుగ్గలాగ మెరుస్తుంది. పైన రెండు జానలు కొత్తది. కుట్టు మాత్రం మిల్లు కుట్టులాగే పడాలి, అదీ తెలివి."

"అబ్బో, ఎలుకకు ఎంత తెలివి," అంది సాహిత్య.

"ఇంకోటి కూడా ఉంది. అడవి హాస్టలైతే ఇంత కష్టం కూడా అక్కర్లేదు. ఆ పిల్లలు ఏం పెట్టినా తింటారు. ఇంట్లో ఇంతకంటే మంచిది తింటున్నారా ఏంటి?"

ధన్‌సింగ్ సగం నవ్వి ఆపేశాడు. అతనిది తండా. యశోద అసలు నవ్వలేదు.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు తను చదివిన హాస్టల్లో వంటమనిషి నోట విన్నది. తనలాంటి కోయ పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడితే ఆ మాటతోనే గరిటె విదిలించేది. దానికన్నా ఘోరం ఇంకొకటి. నెల కిందట ఏడో తరగతి చదివే పూలి అనే పిల్ల, పప్పులో పురుగులున్నాయని పళ్ళెం పక్కకు నెట్టినప్పుడు అదే మాట యశోద తన నోటితో అన్నది. "మీ ఇంట్ల ఇంతకంటె మంచిది తింటున్నరా? ఏరి పారేసి తిను." పూలి ఏరి పారేసి తిన్నది. ఆ సాయంత్రం బావి గట్టు దగ్గర కక్కింది కూడా. ఎండ దెబ్బ అనుకున్నారు.

ఇప్పుడు ఆ మాటే ఒక ఎలుక నోట్లోంచి వచ్చింది.

"వార్డెన్ బస్తా మొత్తం నేల మీద బోర్లిస్తది," అంది యశోద.

ఉదయ్ తలెత్తాడు. "అట్లా ఎవరూ చెయ్యరు యశోదా."

"ఈమె చేస్తది."

"పాచిక వెయ్యి," అన్నాడు ధన్‌సింగ్.

వేసింది. రెండు పడింది.

"బోర్లియ్యబోతుంటె ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, వార్డెన్ బయటికి పోయింది," అన్నాడు ధన్‌సింగ్. "ఎలుకలు గెలిచినయ్."

సాహిత్య చప్పట్లు కొట్టింది. ఉదయ్ కొట్టలేదు. యశోదనే చూస్తున్నాడు. ఎవరూ ఏమీ అడగకముందే, "ఊరికే అన్నానులే, ఆట కదా" అన్నాడు. అడగకుండా ఇచ్చిన ఆ సంజాయిషీతో తన అనుమానం నిజమేనని యశోదకు తేలిపోయింది.

బస్సుకు టైమయిందని లేచింది. షేర్ ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి ఇల్లెందు మీదుగా టేకులపల్లికి. దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది. బస్సులో వాసనేమీ లేదు.

హాస్టల్ చేరేసరికి ఇంకా వెలుతురుంది. సంచి పక్కన పడేసి వంటామె నాగక్కను పిలిచింది. ఇద్దరూ కలిసి స్టోరు ముందు టార్పాలిన్ పరిచి కందిపప్పు బస్తా ఒకటి ఈడ్చుకొచ్చారు.

"మూతి ఇప్పాల్నా మేడం?"

"మూతి కాదు. అడుగు కొయ్యి."

నాగక్క కత్తిపీటతో అడుగు కుట్టు కోసింది. మొదట గుప్పెడు పొట్టు రాలింది. తరువాత ఉండలు ఉండలుగా పప్పు, సాలెగూడు లాంటి బూజుతో అంటుకుని. వెలుతురు తగలగానే పెంకుపురుగులు టార్పాలిన్ మీద నాలుగు దిక్కులా పరుగెత్తాయి. కొన్ని యశోద కాలివేళ్ళ మీదికెక్కాయి. పాత నూనె కంపు గుప్పుమంది. చివరికి బస్తా పైభాగం లోంచి రెండు జానల మంచి పప్పు, పచ్చగా, నిగనిగలాడుతూ ఆ చెత్త మీద పడింది.

స్టోరులో ఉన్న ఐదు బస్తాలూ అంతే.

"చెప్తనే ఉన్న గద మేడం, పప్పు ఉడుకుత లేదని," అంది నాగక్క మెల్లగా.

"చెప్పినవ్."

"సోడా వెయ్యమన్నరు మీరు."

యశోద గోడ వెనక్కి వెళ్ళి కక్కుకుంది. మధ్యాహ్నం తిన్నదంతా పోయింది. కడుపు ఖాళీ అయ్యాక కూడా డోకు ఆగలేదు. నోరు కడుక్కుంటూ ఆలోచించింది. ఉదయ్ మీద రోత వేరు, తన మీద రోత వేరు. మొదటిదాన్ని ఉమ్మేయవచ్చు. రెండోదానికి నీళ్ళు చాలేట్టు లేవు.

ఫోటోలు తీసింది, వీడియో తీసింది. పై అధికారికి రాసిన కాగితంలో సరఫరాదారు పేరు రాసి, కింద ఇంకో వాక్యం చేర్చింది. సరుకు సరిగ్గా చూడకుండా సంతకం పెట్టింది తనేనని. నాగక్క వద్దంది. "మీ మీదికి ఎందుకు తెచ్చుకుంటరు?" యశోద ఆ వాక్యాన్ని కొట్టెయ్యకుండానే కాగితం ఫోటో తీసి ఆ రాత్రే పంపేసింది.

సోమవారం పొద్దున్నే ఉదయ్ ఫోన్ చేశాడు. ఆఫీసులో ఎవరి ద్వారానో సంగతి అతనికి అప్పటికే తెలిసిపోయింది.

"ఆటలో ఏదో వాగినదాన్ని పట్టుకుని ఇట్లా చేస్తావా?"

"ఆటల అన్నది నువ్వు. మరి బస్తాల పోసిందెవరు?"

"గుమాస్తా చేసిన పని అది. నాకు తెలీదు. సాయంత్రానికి మార్చి పంపిస్తా, కొత్త పప్పు. మనలో మనకెందుకు ఇదంతా?"

"మరి వీటిని ఎటు పంపుతవ్? ఇంకో హాస్టల్‌కా?"

"నీకు స్నేహం విలువ తెలీదు యశోదా," అన్నాడు ఉదయ్.

"నిన్నటిదాక తెలుసు. అందుకే చెయ్యి మోచేతి దాకనే పెట్టి చూసిన," అని ఫోన్ పెట్టేసింది.

బుధవారం అధికారి వచ్చాడు. బస్తాలకు సీలు వేసి, పప్పు శాంపిళ్ళు పట్టుకుపోయాడు. ఉదయ్ వాళ్ళ సరఫరా ఆ చుట్టుపక్కల హాస్టళ్ళన్నిటికీ ఆగింది. యశోదకు మెమో వచ్చింది. అదీ న్యాయమే అనుకుని సంతకం పెట్టి తీసుకుంది. సాహిత్య ఫోన్ చేసి, "సరదాగ ఆడుకుందామని పిలిస్తె మనిషి బతుకు మీదికి తెస్తివి గదనే" అంది. యశోద ఫోటో ఒకటి పంపింది. దానికి జవాబు రాలేదు. నలుగురి వాట్సాప్ గ్రూపులోంచి ఉదయ్ వెళ్ళిపోయాడు. ధన్‌సింగ్ మాత్రం విడిగా ఒక మెసేజ్ పెట్టాడు. "ఆ మాటకు నేను కూడా సగం నవ్విన. మనసుల ఉంచుకోకు."

ఆ సాయంత్రం భోజనాల వరసలో పిల్లలు కూర్చున్నాక యశోద పూలి ముందు చతికిలబడింది. పూలి బెదిరి పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"ఆ రోజు నిన్ను ఒక మాట అన్న. తప్పు మాట. పప్పు పాడైందే, నువ్వే కరెక్టు," అంది యశోద.

పక్కపిల్లలు తినడం ఆపి చెవులు ఇటు పెట్టారు.

"మా ఇంట్ల మంచిదే తింటం మేడం," అంది పూలి. "మా అమ్మ పప్పు ఎండల పోస్తది. రెండుసార్లు చెరుగుతది. రాయి కూడ ఉండదు."

"అవ్," అంది యశోద.

పూలి క్షమించినట్టూ లేదు, కోపంగా ఉన్నట్టూ లేదు. అన్నంలో వేలు పెట్టి కలుపుకోవడం మొదలుపెట్టింది.

నాగక్క ఇంకో పళ్ళెం తెచ్చి యశోద ముందు పెట్టింది. సొరకాయ కూర, పలచటి చారు. యశోద ముద్ద కలిపింది. కూరలో పురుగేమీ లేదని తెలుసు, కాయ తనే దగ్గరుండి తరిగించింది. అయినా చెయ్యి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పిల్లలు చూస్తున్నారు. కళ్ళు మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడానికి చాలాసేపు పట్టింది.