పగలని చింతమొద్దు

1944 వానాకాలం. సిద్దిపేటలో కట్టెలు కొట్టి బతికే వీరయ్యకు కుడిభుజం పట్టేసి నెల దాటింది. తల్లి లేని కూతురు బాలలక్ష్మి పురిటికి వచ్చి, ఆడపిల్లను కని పదిరోజులైంది. బాలింతకూ పసిగుడ్డుకూ రెండుపూటలా వేణ్నీళ్లు కావాలి. చీల్చిన కట్టెలు అయిపోయాయి. పెరట్లో మిగిలినవి వంకర్లు తిరిగి, ముడులు పడ్డ చింతమొద్దులు మూడు. భుజం బాగున్న రోజుల్లోనే అవి అతని గొడ్డలికి లొంగలేదు.

అయినా ఆ ఉదయం ఎడమచేత్తో గొడ్డలెత్తాడు. గొడ్డలి ముడిలో ఇరుక్కుంది. ఎంత గుంజినా రాలేదు. ముప్పై ఏళ్లు కట్టెలు కొట్టినవాడు ఆ మొద్దు పక్కనే కూలబడి మొహం తిప్పుకున్నాడు.

బాలలక్ష్మి గడపలోంచి చూసింది.

"బాపూ, ఇగ కొట్టకు. గది పలగది. గట్లనే పొయ్యిల పెడదాం."

"పొయ్యిల యాడ పడుతది బిడ్డా?"

"రాళ్లు జరుపు. పొయ్యే పెద్దగైతది."

వీరయ్య గొడ్డలిని అటూ ఇటూ కదిపి ఊడదీశాడు. రాళ్లు జరిపి, ఆ మొద్దును గడ్డపారతో దొర్లించి, కింద కందికట్టె పేర్చాడు. పొగ తప్ప మంట లేదు. రెండుసార్లు లేచిపోబోయి మళ్లీ కూర్చుని ఊదాడు. మధ్యాహ్నానికి మొద్దు అడుగు ఎర్రబడింది. ఇక ఆరలేదు. సాయంత్రం కాగులో నీళ్లు మసిలాయి. తెల్లారినా అదే సెగ!

పొద్దున్నే నిప్పు కోసం పక్కింటి దేవరాజు వచ్చాడు. నేతగాళ్ల నూలుకు రంగులద్దడం అతని పని.

"ఎన్నడు పెట్టినవే వీరన్నా గీ మొద్దు?"

"నిన్న పొద్దుగాల."

దేవరాజు పొయ్యి ముందు చతికిలబడ్డాడు. "నా కాగుల కింద మంట ఒకపారి లేస్తది, ఒకపారి పడుతది. నూలంత మచ్చలే. నాకు గూడ గిట్ల పెట్టియ్యరాదే."

"నాకు భుజం పనిచేస్తలేదురా."

"కొట్టుడు ఎవలడిగిన్రు? మంట జూస్తె సాలు."

వీరయ్య కట్టెల అడితికి వెళ్లి, ఎవరూ కొనని ముడిమొద్దులను ఒక్కొక్కటే తట్టి చూసి ఏరాడు. మర్నాడంతా రంగుల కాగు దగ్గరే కూర్చుని, ఎడమచేత్తో మొద్దును కొద్దికొద్దిగా లోపలికి నెడుతూ సెగ నిలిపాడు. సాయంత్రం చిలపలుగా చుట్టిన ఎర్రనూలు బయటికి తీశారు. దేవరాజు ఒక చిలప విప్పి వెలుతురులో పట్టుకున్నాడు. ఒక్క మచ్చ లేదు.

"రేపు పొద్దుగాల్నే రా అన్నా. రోజూ రావాలె. కూలి ఇస్త."

తుంపరలో తడుస్తూ ఇంటికొచ్చిన వీరయ్య నేరుగా మనవరాలి దగ్గరికి వెళ్లాడు.

"ఇరవైయొకటో దినానికి దీన్ని పండవెట్టి ఊపే తొట్టెల నేనే తెస్త," అన్నాడు.

బాలలక్ష్మి నవ్వి, పాపను అతని ఒళ్లో పెట్టింది.