బిగుతు జడలు

ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్ని, ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళేదాకా ఉంచే షెల్టర్‌లో నేను ఆయాను; పిల్లలంతా నన్ను అమ్మమ్మా అంటారు. నాలుగు రోజుల కిందట అక్కాచెల్లెళ్ళిద్దరు వచ్చారు. ఈ ఉదయం వాళ్ళ పిన్ని వచ్చి చిన్నదాన్ని మాత్రం తీసుకెళ్తానంది. ఇద్దర్నీ సాకే ఓపిక లేదట.

తొమ్మిదేళ్ళ పెద్దది ఏడవలేదు. చెల్లెల్ని మెట్టు మీద కూర్చోబెట్టుకుని రెండు జడలు వేయసాగింది. ఎంత బిగించిందంటే చిన్నదాని కనుబొమలు పైకి లేచిపోయాయి.

“అక్కా, నొప్పే!”

“కాస్త వదులు చెయ్యవే, దాని ప్రాణం తీస్తున్నావు,” అన్నాను.

“నీ జడ ఎలుక తోకంత కూడా లేదు, నువ్వా నాకు నేర్పేది, అమ్మమ్మా?” అని నవ్వింది. తర్వాత మెల్లగా అంది: “వదులుగా వేస్తే సాయంత్రానికే ఊడిపోతాయి. అప్పుడు పిన్ని వేస్తుంది. ఇలా వేస్తే నేను వేసినవే మూడు రోజులుంటాయి.”

బీరువాలోంచి కొత్త రిబ్బన్లు తెచ్చిచ్చాను. ముడి మీద ముడి వేసింది.

చిన్నదాన్ని ఎక్కించుకుని పిన్ని కారు కదిలింది. వెనక అద్దంలోంచి చిన్నది రెండు జడలూ పట్టుకుని చూస్తోంది. కారు మలుపు తిరిగాక పెద్దది నా చెయ్యి పట్టుకుంది.

“తలస్నానం చేయించొద్దని పిన్నికి చెప్పడం మర్చిపోయాను, అమ్మమ్మా,” అంది. అప్పుడు ఏడ్చింది.