అండాశయంలో చీటీ

కాలేజీ మ్యూజియంలో నూరేళ్ళ నాటి కాగితపు గుజ్జు పువ్వులున్నాయి, ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. రేకులూ కేసరాలూ విప్పి పాఠం చెప్పడానికి చేసినవి. రంగు పొట్టులా రాలిపోతుంటే, బాగుచేసే పని అక్కాచెల్లెళ్ళకు అప్పగించారు.

అక్క అతుకుతుంది, చెల్లెలు రంగు చూస్తుంది. కొత్త రంగు కలపడం వాళ్ళింట్లో మహాపరాధం. పాత ఆకుపచ్చనే తడిపి, రాలిన చోటికి జరపాలి. కుంచె మొన పెదాల మధ్య పెట్టి సన్నం చేసుకోవాలి. ఇది నాన్న విద్య. చెల్లెలికి అక్కే నేర్పింది, నెత్తిన మొట్టి మరీ.

మూడు వారాలుగా చెల్లెలికి కడుపులో తిప్పుతోంది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

"క్యాంటీన్ టీ మానెయ్యవే," అంది అక్క.

"మానేసి పది రోజులైంది," అంది చెల్లెలు, కుంచె నోట్లోంచి తీయకుండానే.

ఆ వేళ్ళే దాని బతుకు. అక్కకు భయం వేసింది. కానీ గడువు దగ్గరపడటంతో భయాన్ని పక్కన పెట్టింది.

ఈ పనివాళ్ళకో ఆచారం ఉంది. పువ్వు బాగుచేసినవాళ్ళు చీటీ రాసి, పువ్వు నడుమ బుడిపెలా ఉండే అండాశయంలో దాచాలి. తర్వాత బాగుచేసేవాళ్ళు తమ పని ముగిసేదాకా ఆ అండాశయాన్ని తెరవకూడదు.

ఆ మధ్యాహ్నం మొదటి పువ్వు పని ముగిసింది. అక్క అండాశయం కొక్కెం తప్పించింది. లోపల ఒకటే చీటీ.

'ఈ పచ్చలో పాషాణం ఉంది. కుంచె నోట పెట్టకండి. నాకు తెలిసేసరికే ఆలస్యమైంది.'

కింద వేరే చేతిరాతలో, 'నాకూ.'

ఇద్దరు మహానుభావులు, తమ చావు కబురు కూడా ఆచారం తప్పకుండా లోపలే దాచి వెళ్ళారు. పువ్వును ఉంచే అద్దాల పెట్టె మీద అంటిస్తే వాళ్ళ సొమ్మేం పోయేది?

పక్క గదిలో చెల్లెలు రెండో పువ్వు మొదలుపెట్టేసింది. అక్క పరుగున వెళ్ళి కుంచె లాగేసి నోరు కడిగించింది.

"పద, ఆసుపత్రికి."

చెల్లెలు చీటీ చదివింది.

"ముందు దీన్ని బయట అంటించక్కా."

అక్క చీటీని అద్దానికి అంటించి, 'నాకూ' కింద తమ మాట కూడా ఉండాలని చెల్లెలికి కలం ఇచ్చింది. కలం జారి పడింది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ జారింది.

"నాది కూడా నువ్వే రాయక్కా," అంది చెల్లెలు.