ఆకు గుర్తు లేని సీసా

మా నాన్న రైన్‌హోల్డ్ జూన్ నెలలో కొండ మీది రాతిగోడ నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. వారం నుంచీ వానలు. తడికి ద్రాక్షాకుల వెనక తెల్లబూజు పట్టే రోజులవి.

మా మిగతా తోటలన్నీ ఎప్పుడో సేంద్రియమయ్యాయి. మోజెల్ నదికి ఎదురుగా నిటారుగా ఉన్న తోట చెక్క ఒక్కటే మిగిలింది. రసాయన మందులు మానేసి మూడేళ్లు నిండితే గానీ సేంద్రియమని ఒప్పుకోరు. ఆ ఏడు కోసే రీస్లింగ్ ద్రాక్షతో గడువు తీరిపోయేది, సీసా మీద ఆకుపచ్చని ఆకు గుర్తు వేసుకునేవాళ్లం. డెబ్బై దాటిన నాన్నకు ఆ గుర్తు చూడాలని పసివాడికున్నంత ఆశ.

నేను ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి పక్క చెక్క గెరోల్డ్ బాబాయ్ మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వరుసల మధ్య మేం పెంచే గడ్డిని చూసి, మేకలెప్పుడు వస్తున్నాయని మూడేళ్లుగా ఎగతాళి చేసేది ఈయనే.

"మీ చెక్కకి కూడా మందు కొట్టేశానమ్మాయ్. పొద్దున్నించీ అదే పని, నడుం పడిపోయింది."

"ఏం కొట్టావు బాబాయ్?"

"నేను కొట్టుకునే రసాయనమే. మీ నాన్న సేంద్రియమని కొట్టే రాగి మందుని నమ్ముకుంటే ఈ వానకి గుత్తి మిగలదు. ఒక్కసారికి ఏం కాదులే."

ఆ ఒక్కసారితో మా మూడేళ్లూ పోయాయి. కోపం వచ్చింది, కానీ దాన్ని ఎవరి మీద చూపించాలి? మా కొండ మీద ఎవరైనా మంచాన పడితే పక్క వరుసల వాళ్లు అడక్కుండా వెళ్లి పని చేసి పెడతారు. అందుకు కృతజ్ఞతలు చెప్పరు. ఆ చెక్కలో ఆ ఏడు పండిన వైన్ మొదటి సీసా ఇస్తారు, అంతే.

నాన్నకు చెప్పాను. ఆయన మొదట అడిగింది గెరోల్డ్ బాబాయ్ గురించే.

"దానివల్ల ఏమవుతుందో వాడికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. తెలిస్తే ఈసారి ఎవడి కాలు విరిగినా చేతులు కట్టుకుని కూర్చుంటాడు."

"మరి సేంద్రియం తనిఖీకి వచ్చే ఆవిడకి? మనం చెప్పకపోతే తెలియకపోవచ్చు నాన్నా."

"ఆవిడకి చెప్పాల్సిందే. దొంగ గుర్తు నాకెందుకే."

తనిఖీ ఆవిడ వచ్చినప్పుడు నాన్న కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. మందు ఎవరు కొట్టారని ఆవిడ అడిగింది.

"నేనే."

ఆవిడ కట్టు వైపు చూసింది, కిటికీలోంచి కొండ వైపు చూసింది. "ఈ కాలితోనా?"

"రెండోది బానే ఉందిగా."

ఆవిడ పెన్ను తీసింది. మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి అని మాత్రం రాసుకుని వెళ్లింది.

పంట బాగా వచ్చింది. చుట్టుపక్కల సేంద్రియం వాళ్లు సగం పోగొట్టుకున్నారు, మాకు ఆ చెక్కలో ఒక్క గుత్తి కూడా చెడలేదు. మరుసటి వేసవిలో మొదటి సీసా గెరోల్డ్ బాబాయ్ ముందు పెట్టాను. ఆయన గ్లాసు ఎత్తి వాసన చూసి, ఒక గుక్క తాగి, సీసాను అటూ ఇటూ తిప్పాడు.

"ఆ ఆకేదిరా రైన్‌హోల్డ్? ఊరంతా చాటుకున్నావుగా."

"అచ్చు వేసేవాడు మర్చిపోయాడు," అన్నాడు నాన్న.

"పోన్లే, ఆకు లేకపోయినా వైన్ బాగుంది. నీ జన్మలో ఇంత మంచిది చెయ్యలేదు. నేను చెయ్యి వేస్తే అట్లా ఉంటుంది."

"అవును, నీ చెయ్యి తెలుస్తోంది," అని నాన్న నవ్వి అతని గ్లాసు మళ్లీ నింపాడు.

నాకు నవ్వు రాలేదు. గెరోల్డ్ బాబాయ్ లేచి వెళ్తూ ఆ ఖాళీ సీసా అడిగి తీసుకున్నాడు. ఇప్పుడది వాళ్ల వంటింటి కిటికీలో, వచ్చేపోయేవాళ్లందరికీ కనిపించేలా ఉంది.