నాయన జరిపిన గ్లాసు

స్వాగతం అనే మాట బాగాలేదు, బొట్టు పెట్టి పెళ్లికి పిలిచినట్టుంది, అనుకుంటూ భారతి ఆ మాటను చెరిపేసింది, చెరిపేసి మళ్లీ అదే రాసింది, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ఎమ్మెస్సీ నర్సింగ్ వాళ్లకు సిద్ధాంతాల పేపరు చెప్పబోయే మనిషి మొదటి తరగతిలో స్వాగతం అనకపోతే ఇంకేమంటుంది, రండి కూర్చోండి అందామంటే వాళ్లు వచ్చేదెక్కడికి, కూర్చునేదెక్కడ, ఒకామె కదిరి ఆసుపత్రిలో, ఇంకొకామె ఏ బస్సులోనో, తానేమో బుక్కరాయసముద్రంలో ఈ భోజనాల బల్ల దగ్గర, నాయనకైతే ఈ బాధే లేదు, తనకల్లు దగ్గర సొంతూళ్లో ఉన్నన్నాళ్లూ గడపలోకి ఎవరొచ్చినా, గొర్రెల కాపరి కానీ కరెంటు బిల్లు మనిషి కానీ, పేరూ ఊరూ అడక్కముందే చెంబుతో నీళ్లు చేతికిచ్చేవాడు, ట్యాంకరు నీళ్ల కోసం బిందెలు పట్టుకుని కొట్లాడుకున్న ఏడు కూడా, ముందు వచ్చినవాళ్లు తాగాలి, తర్వాతే ఆయన, మరి ఈ కంప్యూటరులోకి వచ్చేవాళ్లకు నీళ్లెట్లా ఇస్తారు, నవ్వొచ్చింది ఆమెకు, నవ్వుతూ పక్కకు చూస్తే నాయన ఆంజినప్ప కుర్చీలో కూర్చుని ఆమెనే చూస్తున్నాడు, ఆయన ముందు స్టీలు గ్లాసు, అందులో పొద్దున పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి.

పోసినట్టే ఉన్నాయి, అదే అంతుచిక్కని సంగతి, పక్షవాతంతో కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది, సరే, మింగడానికి మాత్రం ఏ అడ్డూ లేదని డాక్టరు పరీక్ష చేసి మరీ చెప్పాడు, మెత్తగా చేసి పెడితే సంగటి తింటాడు, ఇక్కడికి తెచ్చిన ఈ మూడు రోజులుగా నీళ్లు పెడితే మాత్రం ఆ గ్లాసును ఎడమ చేత్తో మెల్లగా జరుపుతాడు, తాగు నాయనా, రెండు గుక్కలు తాగు, అని ఆమె మళ్లీ దగ్గరికి జరుపుతుంది, ఆయన మళ్లీ జరుపుతాడు, ఇద్దరూ పులిజూదం ఆడుతున్నట్టే ఉంటుంది, చెంచాతో పోయబోతే పళ్లు బిగిస్తాడు, పొద్దున డాక్టరు ఫోనులో చెప్పేశాడు, సాయంత్రం దాకా చూడమ్మా, అప్పటికీ తాగకుంటే పిల్చుకొని రా, ముక్కులో గొట్టం ఎయ్యక తప్పదు, వార్డులో నర్సుగా ఉన్నప్పుడు ఆ గొట్టాలు ఆమె ఎందరికి వేయలేదు, లోపలికి దిగేటప్పుడు మనిషి బిగుసుకుపోవడం, కళ్ల నుంచి నీళ్లు కారడం ఆమె చేతులకు బాగా గుర్తు, నాయనకు వద్దు, భయంగా ఉంది ఆమెకు, భయం కన్నా ఎక్కువగా వింతగా ఉంది, ఎందుకు తాగడు, ఊరు విడిపించి తెచ్చానని కోపమా, ఇక్కడి నీళ్ల రుచి పడలేదా, క్యాను నీళ్లు తెప్పించింది, కుండలో పోసి చల్లబరిచింది, గ్లాసు మార్చింది, తాను చెప్పబోయే పేపరులో ఒక సిద్ధాంతం రోగి తనకు తాను చేసుకోలేనిది నర్సు చేసి పెట్టాలంటుంది, ఒకటి రోగి చుట్టూ ఉన్నవాటిని సరిచెయ్యమంటుంది, ఇంకొకటి మనసులో ఏముందో అడిగి తెలుసుకోమంటుంది, అడిగితే చెప్పడానికి ఆయనకు మాటేదీ, ఇంట్లో ఒక్క గ్లాసు నీళ్లు తాగించలేనిదాన్ని అంతమందికి ఏమని చెప్తాను.

తరగతి మొదలైంది, తెర నిండా నల్లటి గళ్లు, గడికొక పేరు, ఒక్క ముఖమూ లేదు, వినపడుతోందా అంటే ఎవరో వినపడుతోంది మేడమ్ అన్నారు, ఆమె గొంతు సవరించుకుని సిద్ధాంతం అంటే బెదిరిపోకండి, రోజూ వార్డులో మీరు చేసే పనికి ఎందుకు అనే ప్రశ్న వేసుకోవడమే అంది, అంటూ ఉండగానే పక్కన గ్లాసు కదిలిన చప్పుడు, కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఈ ఒక్క గదిలోనే ఫ్యాను తిరుగుతోంది కాబట్టి ఆయన్ని ఇక్కడే కూర్చోబెట్టక తప్పలేదు, ఆమె తెర మీద నుంచి చూపు తీయకుండానే గ్లాసు వెనక్కి జరిపింది, ఆయన మళ్లీ జరిపాడు, ఈసారి కాస్త గట్టిగా, గ్లాసు ల్యాప్‌టాప్‌కు తగిలి అది పక్కకు తిరిగింది, ఆమె ముఖం పోయి ఆంజినప్ప ముఖం తరగతిలోకి వచ్చింది.

ఆమె సర్దబోయేలోపు ఒక నల్ల గడి వెలిగింది, జయంతి, రాయదుర్గంలో స్టాఫ్ నర్సు, నైట్ డ్యూటీ దిగి బస్సులో పోతాండా మేడమ్, ఆ పెద్దాయన ఎవురు మేడమ్, అంది, మా నాయన అంది భారతి, ఆ పిల్ల ఆగలేదు, బాగుండావా తాతా, మీకాడ వానొచ్చిందా, మాకీడ ఆకాశమంతా మోడమైతే పట్టుకుంటాది గానీ పడేది ల్యా, అంది, ఆంజినప్ప కళ్లు పైకి లేచాయి, ఎండకు కమిలి చెమట పట్టిన ఆ ముఖాన్ని చూశాడు, అదిరిపోతున్న బస్సు కిటికీని చూశాడు, ఇల్లు వెతుక్కుంటూ ఎవరో వచ్చారన్నట్టు చూశాడు, ఎడమ చెయ్యి గ్లాసు మీదికి పోయింది, మెల్లగా, తొణక్కుండా, దాన్ని తెర దాకా జరిపి అక్కడ ఆపాడు, నాకా తాతా, ఇయ్యప్పా, గొంతెండిపోతాండాది, అని నవ్వుతూ జయంతి తన సీసా ఎత్తి గటగటా తాగింది, మూతి తుడుచుకుని సల్లగుండాయి తాతా, నువ్వూ తాగు మళ్లా, అంది, ఆంజినప్ప గ్లాసును వెనక్కి తీసుకుని నోటికి పెట్టుకున్నాడు, భారతి చూపు ఆయన గొంతు మీదే ఆగిపోయింది, గుటక దిగింది, దగ్గు లేదు, ఇంకో గుటక దిగింది, గ్లాసు ఖాళీ అయింది.

తరగతి ఎదురుచూస్తోంది, మేడమ్ ఉన్నారా అని ఎవరో అడుగుతున్నారు, ఉన్నా అంటూనే ఆమె కుండలోంచి నీళ్లు వంచి ఆయన ముందు పెట్టింది, ఈసారి తాగమనకుండా గ్లాసునే చూసింది, ఆయన గ్లాసు జరిపాడు, ఎటు జరిపాడో మొదటిసారి చూసింది, తనవైపే, నేరుగా తన చేతి దాకా, ఎడమ చేత్తో నీళ్లు అందించకూడదు కదా, ఎత్తి ఇవ్వడు, అందుకే బల్ల మీద జరుపుతున్నాడు, ఎండలో పడి వచ్చే కూతురికి, పొద్దున్నుంచీ గొంతు తడుపుకోకుండా తన చుట్టూ తిరుగుతున్న కూతురికి, ఆమె గ్లాసెత్తి తాగింది, తాగేటప్పుడు గానీ తెలియలేదు ఎంత దాహంగా ఉందో, సగం తాగి ఆయన ముందు పెట్టింది, ఆయన ఆమె మూతి తడి చూశాడు, అప్పుడు తాగాడు, ఇన్నాళ్లూ నాయన నీళ్లు వద్దంటున్నాడనుకుంది, తనకు ఇస్తున్నాడు.