ఖాళీ నాడె

“ఏమే, కండెలు యాడ?”

పొద్దున్నే ఆ ఇంట్లో వినబడే మొదటి మాట అదే. మగ్గం గుంటలోంచి చంద్రమోహన్ కేక వేస్తాడు, గంగాదేవి రాట్నం మీద చుట్టిన నూలు కండెలు తీసుకెళ్లి ఇస్తుంది. పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె పడితే గాని మగ్గం కదలదు. కోడుమూరుకు కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె పని ఇదే. అయినా సర్వేకు వచ్చినవాళ్లు ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగితే ఆయన, “మా ఇంట్లోది ఏం పని చేయదు సార్, ఊరికే ఉంటాది” అన్నాడు. మంచినీళ్లు అందిస్తూ ఆమె విన్నది. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. కూతురు శివలీల కూడా విన్నదని మాత్రం అప్పుడు తెలియలేదు.

శివలీల బడిలో టీచరు పేరు పిలిస్తేనే చెమటలు పట్టే పిల్ల. పక్క వీధి షాహీనా దాన్ని బస్టాండు వెనక రేకుల షెడ్డుకు తీసుకెళ్లింది. అక్కడ పిల్లలు గుండ్రంగా నిలబడి ర్యాప్ కడతారు. ఎవరి బతుకు వాళ్లే చెప్పాలి, అరువు మాటలు పనికిరావు. మధ్యలో ఎవరికైనా గొంతు ఆగిపోతే నవ్వకూడదు. మాట మళ్లీ దొరికేదాకా మిగతావాళ్లు చప్పట్లతో తాళం నిలపాలి. అట్లా నిలిపి నిలిపే శివలీలకు గొంతు తెచ్చారు. ఇంట్లో మగ్గం చప్పుడుకు అది పదాలు కట్టుకుంటుంటే గంగాదేవి లోలోపల మురిసిపోయేది.

మొన్న, కర్నూలు ర్యాప్ పోటీకి కట్టిన పాట ఇంట్లో వినిపించింది.

“చీర మా నాయినది, పేరు మా నాయినది,
కండె సుట్టి కాయలు కాసిన చెయ్యి ఎవరిది?”

మగ్గం ఆగింది. “ఇంటి గుట్టు బజార్న పెడతావా? నోరు మూసుకోని పడుండు. పోటీ లేదు, గీటీ లేదు.”

శివలీల నిజంగానే నోరు మూసుకుంది. అన్నం తింటావా అంటే తల ఊపడమే. మళ్లీ ఆ పాత పిల్లే అయిపోయింది. గంగాదేవికి ఏడుపు ఆగలేదు. తనకు బుద్ధెరిగినప్పటి నుంచి తన గురించి అడిగింది ఈ పిల్ల ఒక్కతే, దాని నోరే మూయించారు.

పోటీ ఈరోజే. నాడెలో నూలు అయిపోయింది.

“ఏమే, కండెలు?”

గంగాదేవి రాట్నం ముందు నుంచి లేచింది. గోడవైపు తిరిగి పడుకున్న కూతురి పక్కన కూర్చుని, షెడ్డులో పిల్లలు కొడతారని అది చెప్పినట్టే చప్పట్లు కొట్టసాగింది. తాళం వంకరటింకరగా పోతోంది. శివలీల లేచి కూర్చుంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. కన్నీళ్లు వచ్చాయి.

చంద్రమోహన్ గుంటలోంచి పైకి వచ్చాడు. “పిచ్చి గాని పట్టిందా? పని చేయవా?”

“నేనేం పని చేయనని ఆ సర్వే సార్లకు నువ్వే చెప్తివి గదా,” అంది గంగాదేవి, చప్పట్లు ఆపకుండా. “పాప నోరు తెరిచేదాకా చేయను.”